ఇంటి లెక్కలు: సందూకములోని నాణెములకు వెల యెంత?

కల్వకుర్తి ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ మాసపు మా శీర్షికకు విషయమైనది. ఆమె అత్తగారి చెల్లెలు, అనగా చిన్నత్తగారు, భర్త గతించి, సంతతి లేక, ఒంటిగా కాలము గడుపుచున్నది. ఆమె మామగారును, భర్తయు ఆముదపు గింజల బేరము చేసినవారు. వారి యింట ఒక ఇనుప సందూకములో మూడు తరములవారు పోగుచేసిన నాణెములు వెండి, రాగి, నికెలు అను భేదము లేక కలగలుపుగా నున్నవట. మోకాళ్ల చికిత్సకు సొమ్ము అవసరమై ఆ పెద్దావిడ "బయటివారి కెందుకమ్మా, మీరే తీసుకొని మీకు తోచినది యియ్యుండ్రి" అన్నదట. ఇంతలో ఒక వర్తకుడు వచ్చి, వెండియంతయు సగము శుద్ధిగలదిగా లెక్కించెదననియు, తక్కినది తుక్కు ధరకు తూచుకొందుననియు చెప్పి పోయినాడు. "మే మెంత యిచ్చిన ధర్మము?" అని సోదరి అడుగుచున్నది.

మీకు తోచినది యియ్యుండని చెప్పినవారితో బేరము చేయుట మిక్కిలి కష్టము. అమ్మువారు వెల చెప్పినచో మనము తగ్గింపవచ్చును, వారు కాదనవచ్చును. వెల చెప్పక మనకే వదిలినప్పుడు వారి పక్షమున వాదించువారు కూడ మనమే కావలెను. అందుచేత ఇచ్చట "తోచినది" అనుమాటకు చోటులేదు. లెక్క కావలెను. ఆ లెక్క యెట్లు వేయవలెనో మాకు తెలిసినంతవరకు ఇందు వ్రాయుచున్నాము.

ముందుగా ఈ పెట్టెలలో రెండు రాజ్యముల నాణెము లేల కలిసియుండునో తెలిసికొనవలెను. నల్లగొండ, పాలమూరు సీమలు నిజాము రాజ్యమునకు దక్షిణపు కొన. కృష్ణ దాటినచో గుంటూరు, కర్నూలు జిల్లాలు ఆంగ్లేయుల యేలుబడిలో నుండెడివి. ఈవలి యొడ్డున హాలీ సిక్కా, ఆవలి యొడ్డున కల్దారు రూపాయి. ఏటికి రెండువైపుల బేరము సాగించిన యిండ్లకు రెండును వచ్చిచేరినవి. హైదరాబాదు రాజ్యమున కాగితపు నోట్లు 1918 తరువాతనే వచ్చినవి. అందుచే పాతవారికి ధనమనగా లోహమే. 1950లో 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయల చొప్పున మారకము నిర్ణయమైనది. హాలీ సిక్కా 1959 వరకు పూర్తిగా రద్దుకాలేదు. అప్పటికిని మార్చుకొననివారి పెట్టెలలో అవి నేటికి నున్నవి.

ఇప్పుడు పనిలోనికి వత్తము. మొదటి నియమము, నాణెములను కడుగరాదు. మన గృహిణులకు వెండి కనబడగానే చింతపండు, విభూతి తెచ్చి తోమవలెనని చేయి దురద పుట్టును. పూజాపాత్రకు అది శోభయే కాని నాణెమునకు హాని. నలుపుతోకూడిన పాత పొరను, అక్షరముల వాడిమిని చూచియే సేకరణదారులు వెల కట్టుదురు. తోమిన నాణెమునకు లోహపు వెల తప్ప మరియొకటి మిగులకపోవచ్చును. మన్ను అంటియున్నచో మెత్తని బట్టతో దులిపి విడువవలెను.

రెండవది, విడదీయుట. నేలపై దుప్పటి పరచి, దగ్గర ఒక అయస్కాంతము నుంచుకొనుడు. అయస్కాంతమునకు అంటుకొనునది వెండి కాదు. 1947 నాటి రూపాయియు, స్వతంత్ర భారతపు తొలి రూపాయలును నికెలుతో చేసినవి. చూపునకు వెండివలె నుండి పలువురిని భ్రమపెట్టును. 1968–71 నడుమ వచ్చిన తామరపువ్వు 20 పైసల బిళ్లలో బంగారమున్నదను వాడుక పల్లెలలో నేటికిని వినవచ్చును. అది పసుపువన్నె మిశ్రమలోహమే. అందులో బంగారము లేదు.

వెండి రాశిని మరల మూడుగా చేయవలెను. మొదటి రాశి చార్మినారు బొమ్మగల హాలీ రూపాయలు. యంత్రముతో ముద్రించిన ఈ బిళ్లలు హిజ్రీ 1321, అనగా 1903–04 మొదలు వచ్చినవి. చార్మినారు నడిమి ద్వారములో ఒక చిన్న అక్షర ముండును. అది "మీమ్" ఐనచో 6వ నిజాము మహబూబ్ అలీఖానుది, "ఐన్" ఐనచో 7వ నిజాము ఉస్మాన్ అలీఖానుది. సంవత్సరము ఉర్దూ అంకెలలో నుండును. ఆ అంకెలలో సున్న ఒక చుక్క మాత్రమే. మన సున్నవలె గుండ్రముగా కనబడునది అయిదు. ఈ ఒక్కటి తెలియక సంవత్సరములు తప్పుగా చదువువారు కలరు. ఇంటిలో గాని, ఇరుగుపొరుగున గాని ఉర్దూ చదివిన పెద్దలుండిన పిలిచి చూపుట మేలు.

ఈ హాలీ రూపాయి తూకము 11.178 గ్రాములు. అందులో నూటికి 81.8 పాళ్లు వెండి. అనగా ఒక్కొక్కదానిలో శుద్ధమైన వెండి 9.14 గ్రాములు. ఐతే రెండవ ప్రపంచ యుద్ధకాలమున వెండి కరవై, రూపాయలలో దాని పాలు తగ్గినది. కావున హిజ్రీ 1361కి, అనగా 1942కి, ముందువానిని ఒక కుప్పగా, ఆ తరువాతివానిని వేరొక కుప్పగా ఉంచి, రెండవ కుప్పనుండి ఒకటి రెండు బిళ్లలను కంసాలిచేత పరీక్ష చేయించవలెను.

రెండవ రాశి కల్దారు రూపాయలు, అనగా విక్టోరియా, ఎడ్వర్డు, జార్జి ప్రభువుల ముఖములు గలవి. ఇవి తూకమున 11.66 గ్రాములు, సరిగా ఒక తులము. మన పెద్దలు బంగారము తూచుటకు త్రాసులో రూపాయినే గుండుగా వేసెడివారు. 1939 వరకు వీనిలో నూటికి 91.7 పాళ్లు వెండి, అనగా 10.69 గ్రాములు. మూడవ రాశి 1940 మొదలు 1945 వరకు వచ్చిన కల్దారు రూపాయలు. తూకము మారలేదు గాని వెండి సగమే, 5.83 గ్రాములు. బొమ్మ చూచి చూచి ఈ రెండు రాశులను కలిపివేయుట సులభము. కావున సంవత్సరము చదివిగాని ఏ రూపాయిని ఏ కుప్పలోను వేయకుడు.

ఇచ్చట ఒక చమత్కారమున్నది. హాలీ రూపాయిలోని 9.14 గ్రాములను పాత కల్దారులోని 10.69 గ్రాములతో పోల్చి చూడుడు. ఇంచుమించుగా 6కును 7కును గల నిష్పత్తియే వచ్చును. ఏడు హాలీలకు ఆరు కల్దార్లను మారకము ఉట్టిగా పుట్టినది కాదు. లోహము చెప్పిన లెక్కయే అది. నాణెముల రాశికి వెల కట్టునప్పుడు మనమును ఆ లోహము నొద్దనే మొదలుపెట్టవలెను. అది మెట్టు. అంతకు దిగువ వెల చెప్పరాదు.

సోదరి వ్రాసిన పట్టికలో యుద్ధమునకు ముందరి హాలీలు 200, పాత కల్దార్లు 100, యుద్ధకాలపు కల్దార్లు 60 ఉన్నవి. అరుగుదల లేదనుకొని లెక్కింతము. 200 హాలీలలో శుద్ధమైన వెండి 1,829 గ్రాములు. 100 పాత కల్దార్లలో 1,069 గ్రాములు. 60 యుద్ధకాలపు కల్దార్లలో 350 గ్రాములు. మొత్తము 3,248 గ్రాములు. ఇక వర్తకుని లెక్క చూతము. 360 రూపాయల మొత్తపు తూకము 4,101 గ్రాములు. అంతయు సగము వెండియే యనుచున్నాడు గనుక అతడు వెల కట్టునది 2,050 గ్రాములకు మాత్రమే. తేడా 1,200 గ్రాములకు కొంచెము తక్కువ. కిలోకు మించిన వెండి, ఒక్క మాటతో, చిన్నత్తగారి పెట్టెనుండి వర్తకుని సంచిలోనికి పోవును. ఆ మాట పూర్తిగా అబద్ధము కూడ కాదు, ఆ రాశిలో సగము వెండిగల రూపాయలు 60 ఉన్నవి గదా. 60కి నిజమైనదానిని 360కి చెప్పుటలోనే మోసమంతయు నున్నది.

దీనికి ఎదురు పొరపాటును కూడ చూపుట న్యాయము. కొనువారు మొగమాటముచే అంతయు పాత కల్దారు వన్నెయే యనుకొని వెల కట్టినచో 511 గ్రాములకు ఎక్కువ యిచ్చినవారగుదురు. దానము చేయదలచిన దానమని చెప్పి యియ్యవచ్చును. లెక్క తెలియక యిచ్చినది దానము కాదు, నష్టమే.

నాణెములు చేతులు మారి అరిగియుండును గనుక, లెక్కించిన సంఖ్యను నమ్మక, ఒక్కొక్క కుప్పను వేరుగా తూచి, ఆ తూకమును దాని శుద్ధితో గుణింపవలెను. వెండి ధర అమ్మకము జరుగు దినమునాటిది తీసికొనవలెను. ధర దినదినము మారుచుండును గాన, నెల క్రిందటి ధరతో నేడు బేరము ముగించుట ఒకరికి అన్యాయమే.

ఇక రాగి, కంచు, నికెలు నాణెములు. ఇందు రాశి యను మాట మిక్కిలి ముఖ్యము. 1943–47 నాటి నడుమ చిల్లిగల పైసను సేకరణదారుడొకడు కొంత వెల యిచ్చి కొన్నాడని విని, దానిని మన యింటనున్న వేయి పైసలతో గుణించి పెద్ద మొత్తము పలుకరాదు. అట్టి పైసలు వేలకొలది యిండ్లలో నున్నవి. వేయింటిని కొనువా డొక్కడుండడు. కొనినవాడు ఒక్కొక్కటిగా అమ్ముకొనుటకు ఏండ్లు పట్టును. కావున సామాన్యపు బిళ్లలను తూకమునకు వెలకట్టి, అక్షరములు స్పష్టముగా నిలిచినవానిని వేరుచేసి వందల లెక్కన కొంత అధికముగా కట్టుట సమంజసము. ఒక జాగ్రత్త కలదు. నేటికిని చెలామణిలో నున్న నాణెములను కరిగించుట 2011 నాటి నాణెముల చట్టము ప్రకారము నేరము. 25 పైసలు, అంతకు తక్కువ విలువగల బిళ్లలు ఆ సంవత్సరము జూన్ 30తో చెలామణినుండి తొలగినవి.

లోహపు వెలను మించినవి ఏవి? ఈ సీమవారు తప్పక వెదుకవలసినవి యంత్రము రాకముందు చేతితో కొట్టిన రూపాయలు. గద్వాల, వనపర్తి, నారాయణపేటలలో ఒకప్పుడు టంకశాలలుండెడివి. అచ్చటి బిళ్లలు వంకరటింకరగా, పారసీ అక్షరములు సగము మాత్రమే కనబడుచు, అందమునకు దూరముగా నుండును. వానిని చూచి "ఇవేవో చెల్లని ముక్కలు" అని కరిగింపునకు వేయువారు కలరు. సంస్థానముల కాలపు స్వగ్రామచరిత్రను పొయ్యిలో వేసినట్లే అది. కల్దార్లలో 1911 నాటి 5వ జార్జి రూపాయిని వేరు చేయుడు. ప్రభువు దుస్తులపైనున్న ఏనుగు బొమ్మ పందివలె కనబడుచున్నదని ఆక్షేపణ రాగా, దానిని మానిపించి, ముద్రించినవానిలో చాలవరకు కరిగించిరి. 1939 నాటి రూపాయియు అరుదైనదే. అరుదైన వానికే నకిలీలు పుట్టును గనుక, వీనిని తెలిసినవారికి చూపక వెల చెప్పరాదు. హైదరాబాదు సైఫాబాదులోని పాత టంకశాలయందు 2022లో నాణెముల ప్రదర్శనశాల తెరచిరి. పట్నము పోయినప్పుడు చూచి వచ్చినచో కంటికి పోలిక దొరకును.

చెవులు అతికించినవి, రంధ్రములు వేసినవి మరియొక కుప్ప. దేవరకొండ వైపు తండాలలో లంబాడి స్త్రీలు రూపాయలను, పావలాలను ఆభరణములలో కూర్చి ధరించుట మన మెరిగినదే. అట్టివి విడిగా వచ్చినచో నాణెములుగా కాక వెండిగా వెలకట్టవలెను. పూర్తి ఆభరణముగా నున్నచో విప్పకుడు. ఆ పనితనమునకు వేరే వెల కలదు.

భూమిలో దొరికినవి మాత్రము ఏ వెలకును కొనరాదు. సందూకములో ఇంటి సొమ్ముతోపాటు పొలములో దొరికిన కుండలోని బిళ్లలు కలిసియుండుట అసంభవము కాదు. నల్లగొండ సీమలోని అక్కెనపల్లి వద్ద 1,531 రోమను వెండి నాణెములు దొరికినవి. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలమువి. 2024లో ఫణిగిరి బౌద్ధక్షేత్రపు త్రవ్వకములలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయటపడినవి. ఆ గ్రామము 2016 వరకు నల్లగొండ జిల్లాలోనిది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. ఆ నాణెములపై ఒకవైపు ఏనుగు, రెండవవైపు ఉజ్జయినీ చిహ్నము. ఇక్ష్వాకుల కాలమువని పండితులు నిర్ణయించిరి. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. అంతయు కలిపి తూచిన తొమ్మిది కిలోలు కూడ రాదు. సీసపు ధరకు అమ్మినచో చిల్లర సొమ్ము. కాని ఏ కుండలో, ఎంత లోతున, ఏ విహారము ప్రక్కన దొరికినదో తెలియుటచేత అది వెలకట్టరాని చరిత్ర యైనది. అదే కుండ రాత్రివేళ ఎవరో త్రవ్వి పంచుకొనినచో ఆ చరిత్ర యావత్తును పోయెడిది. కావున భూమిలో నిక్షేపము దొరికినవారు కలెక్టరునకు తెలుపుట విధి. నూరేండ్లు దాటిన నాణెములను దేశము వెలుపలికి పంపుట 1972 నాటి పురావస్తు చట్టముచే నిషిద్ధము. వానితో వ్యాపారము చేయువారికి లైసెన్సు ఉండవలెను.

ఇంతవరకు లెక్క. ఇక అడుగవలసిన వెల. కొనువారి ఉద్దేశమునుబట్టి అది మారును. వర్తకుడు కొని కరిగించి అమ్మువాడు. కరిగించుటలో తరుగు పోవును, సొమ్ము నిలువయుండును, అంగడి ఖర్చులుండును. అతడు లోహపు వెలలో పదింట ఒక వంతు తగ్గించి అడిగినను దోషము లేదని మా అభిప్రాయము. తగ్గింపు ఇంతయని చెప్పి తగ్గింపవలెను గాని, శుద్ధిని తప్పుగా చెప్పి తగ్గింపరాదు. ఇంటివారు కొని దాచుకొనునప్పుడు ఆ తరుగు లేదు, అంగడి లేదు. అట్టివారు లోహపు వెలను పూర్తిగా నియ్యవలెను.

అరుదైన బిళ్లల సంగతి యేమి? వాని వెల నేడు తెలియదు. తెలియనిదానికి తక్కువ కట్టి తరువాత లాభపడుట బంధువులలో మనసులు విరుచును. అందుకు మేము చెప్పు ఉపాయమిది: వానిని వేరుగా మూటకట్టి, ఒక కాగితముపై సంఖ్య, గుర్తులు వ్రాసి, ఇద్దరు చేవ్రాలు చేసి, వెల తెలిసిననాడు అమ్మిన సొమ్ములో చెరిసగమని ఒప్పందము చేసికొనుడు. ఆ కాగితపు నకలు అమ్మినవారియొద్ద నుండవలెను. చిన్నత్తగారికి చదువు రానిచో ఆమె నమ్మిన మరియొకరి యెదుట చదివి వినిపించవలెను.

సొమ్ము చెల్లింపు బ్యాంకు మూలముగా జరుగవలెను. రెండు లక్షలు గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకొనుట చట్టము ఒప్పదు. ఫోనులో "మీ పాత నాణెమునకు లక్షలిత్తుము, ముందుగా పన్ను, కమీషను కట్టుడు" అని రిజర్వు బ్యాంకు పేరు చెప్పువారు మోసగాండ్రు. ఆ బ్యాంకే 2021లో ఇట్టివారిని గూర్చి ప్రజలను హెచ్చరించినది. వైష్ణోదేవి బొమ్మగల బిళ్ల యున్నదని చెప్పుకొని ముందుగా సొమ్ము కట్టి పోగొట్టుకొనినవారిలో మన సోదరీమణులును ఉన్నారు.

కల్వకుర్తి సోదరికి మా సమాధానము సంగ్రహముగా నిది. వర్తకుని మాటను ప్రక్కన పెట్టుడు. కుప్పలు వేరుచేసి, చిన్నత్తగారి యెదుటనే తూచి, ఆ దినపు ధరతో 3,248 గ్రాములకు అరుగుదల పోగా వచ్చిన వెల యిండు. రాగి, నికెలు తూకమునకు కట్టుడు. అరుదైనవి ఒప్పందములో నుంచుడు. అంత సొమ్ము మీయొద్ద లేకపోవచ్చును. అప్పుడు వెల తగ్గింపకుడు, కొనునది తగ్గింపుడు. మీ శక్తి కొలది ఒక కుప్పనే పుచ్చుకొని, తక్కినవానిని ఇద్దరు ముగ్గురు వర్తకులకు చూపి, హెచ్చు చెప్పినవానికి ఆమె పేరిటనే అమ్మించి పెట్టుడు. లెక్క కాగితము ఆమె చేతికిచ్చి "చిన్నత్తా, ఇది ఎవరికైనను చూపించుకొనుము" అనగలిగినచో మీరిచ్చిన వెల సరియైనది. ఆ కాగితము దాచవలెనని తోచినచో వెలను మరల ఒకసారి చూచుకొనుడు.